కొండ గొర్రె

మద్దిగుంపు బడి, పినపాక మండలం
ఆగస్టు 2006

ఒసేయ్ రాణీ,

నువ్వు బతికే ఉన్నావట. మొన్న పాల్వంచ బస్టాండులో మన సరళ కనబడి చెప్పింది. హైదరాబాదులో పెద్ద ల్యాబులో పని చేస్తున్నావట, అక్కడ అందరికీ ప్రమీలవట. మాంసం ముక్క ఇస్తే అది ఏ జంతువుదో కనిపెట్టి చెప్తావట. మూడేళ్ళుగా నాకు ఒక్క ముక్క రాయని దానివి, మాంసం ముక్కల సంగతి మాత్రం బాగానే నేర్చుకున్నావు.

డిగ్రీ మూడేళ్ళూ ఖమ్మం హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకొని, నా పల్లీలు తిని, నా బోటనీ రికార్డు చూసి బొమ్మలు దించుకున్న మనిషి ఇలా చేయవచ్చునా అని నాలుగు పేజీలు తిడదామనే కూర్చున్నాను. తిట్లు తర్వాత. ముందు నాకు నీతో పని పడింది. ఇక్కడ సెల్లుకు సిగ్నల్ రాదు. హెడ్మాస్టరు ఆదినారాయణ గారి బల్ల మీద ఫోను ఉంది కానీ, అందులో మనం మాట్లాడితే ఆయన కూడా మాట్లాడినట్టే. అందుకే ఉత్తరం.

పదో తరగతికి జీవశాస్త్రం నాదే. పోయిన వారం బఠానీ మొక్కల పాఠం మొదలుపెట్టాను. పొడుగు మొక్క, పొట్టి మొక్క, ఆకుపచ్చ గింజ, పసుపు గింజ. వెనక బెంచీ సగం నిద్రలో ఉంది. అప్పుడు మంగ్లి అనే పిల్ల లేచి అడిగింది.

"టీచర్, ఎండిన మాంసం తునక చూసి అది ఏ జంతువుదో చెప్పొచ్చా?"

"తింటే తెలుస్తది" అన్నాడు బలరాం. వాడికి అన్నీ తింటేనే తెలుస్తాయి. క్లాసంతా నవ్వింది. మంగ్లి నవ్వలేదు.

"తినకుండ చెప్పాలె. జీపుల వచ్చినోళ్ళు చూసే చెప్పిండ్రు గద, ఎట్ల చెప్పిండ్రు?"

 రేపు చెప్తానని తప్పించుకున్నాను. ఆ రేపు ఇంకా రాలేదు. ఆ పిల్ల రోజూ నా మొహం వంక చూస్తోంది.

కాబట్టి చెప్పు. నిజంగా తెలుస్తుందా? ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఆరేసి, పొయ్యి పొగ పట్టించిన తునక అయినా తెలుస్తుందా? మిషన్లూ గిషన్లూ లేని బడిలో, ఒక బీరువా, రెండు పగిలిన బీకర్లు, నలభై మంది పిల్లలున్న చోట దీన్ని ఎలా చెప్పాలి? ఇంకొకటి. మీ ల్యాబుకు ఎవరైనా పంపించుకోవచ్చా? ఊరికే అడుగుతున్నాను.

జవాబు రాయకపోతే బోనకల్ వెళ్ళి మీ అమ్మ భారతమ్మ గారికి మనం హాస్టల్ గోడ దూకి సినిమాకు పోయిన సంగతి చెప్తాను. ఆవిడ నిన్ను ఇప్పటికీ కొట్టగలదు.

నీ మీద కోపం తీరని,
సోని

*

తార్నాక, హైదరాబాద్
సెప్టెంబరు 2006

సోనీ,

అమ్మను మధ్యలోకి లాగకు. దండం పెడతాను.

ముందుగా ఒక దిద్దుబాటు. ఆ పల్లీలు నీవి కావు, మీ రూప్లా అన్నవి. హాస్టలుకు వచ్చినప్పుడల్లా సంచి భుజం మీద నుంచి దింపుతూ "ఇద్దరు సమానంగ తినుండ్రి, కొట్లాడకుండ్రి" అనేవాడు. కాబట్టి నేను నా వాటా తిన్నాను. ఎలా ఉన్నాడు అన్న? పత్తి వేశాడా ఈసారి? నేను అడిగానని చెప్పు.

రాయనందుకు సాకులు చెప్పను. ఉద్యోగంలో పడి మనుషుల్ని మరిచిపోయే జాతిలో నేనూ చేరాను, అంతే.

మీ మంగ్లి అడిగింది చాలా మంచి ప్రశ్న. మా ల్యాబు ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తోంది. జవాబు: చూసి చెప్పలేం. తోలు తీసి, ముక్క కోసి, ఎండబెట్టాక గొర్రెకూ మేకకూ దుప్పికీ తేడా కళ్ళతో పట్టుకోవడం ఎవరివల్లా కాదు. పట్టుకున్నామనే వాళ్ళు ఉంటారు. వాళ్ళను నమ్మొద్దని చెప్పు.

పిల్లలకు ఇలా చెప్పు. ప్రతి కణంలోనూ ఒక పెద్ద పుస్తకం ఉంటుంది, దాని జోలికి మేం వెళ్ళం. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఇంకో చిన్న పుస్తకం ఉంటుంది. పెద్దదానికి రెండే ప్రతులు, చిన్నదానికి వందలు, వేలు. మాంసం ఎండినా, ఉప్పు పట్టినా, పొగ తగిలినా అన్ని ప్రతుల్లో కొన్నయినా చిరగకుండా మిగులుతాయి. మాకు ఒక్క పేజీ చాలు. ఆ పేజీలో పాఠం గొర్రెకైనా జింకకైనా ఒకటే. అక్షరాలు కూడా నాలుగే: ఏ, టీ, జీ, సీ. కానీ ఆ అక్షరాలు రాసిన వరసలో తేడాలుంటాయి. గొర్రెకూ గొర్రెకూ మధ్య ఒకటీ అరా. గొర్రెకూ జింకకూ మధ్య బోలెడు. తెలిసిన జంతువుల పేజీలు మా దగ్గరున్నాయి. తెలియనిదాన్ని వాటి పక్కన పెట్టి చదువుతాం. ఇంతే విద్య.

చేతులతో చేసే పని కావాలన్నావుగా. ఉల్లిపాయ గుజ్జులో ఉప్పు నీళ్ళు, కాస్త గిన్నెలు తోమే సబ్బు కలిపి, పలచని గుడ్డలో వడగట్టి, దాని మీద బాగా చల్లబరిచిన స్పిరిట్ గ్లాసు అంచు వెంట మెల్లగా పొయ్యి. తెల్లటి దారాల్లాంటిది పైకి తేలుతుంది. అదే డీఎన్‌ఏ. బొప్పాయితో కూడా చెయ్యి. స్పిరిట్ దవాఖానాలో కాంపౌండర్ని అడుక్కో, ఐసు సోడా కొట్లో దొరుకుతుంది.

ఇంకా, ఆరు జంతువుల పేజీల్లోంచి ఒక్కో వరుస కాగితం పట్టీల మీద రాసి పంపుతున్నాను. గొర్రె, మేక, బర్రె, దుప్పి, కొండగొర్రె, కుక్క. ఏడోదాని మీద పేరు రాయలేదు. అదేమిటో పిల్లలనే కనిపెట్టమను.

ల్యాబుకు ఎవరు పడితే వాళ్ళు పంపడానికి లేదమ్మాయ్. అటవీశాఖ పంపాలి, లేదా కోర్టు పంపాలి. సీలు వేసి రావాలి. నువ్వు ఊరికే అడిగావు కాబట్టి నేనూ ఊరికే చెప్పాను.

ఇక నుంచి రాస్తుంటానని ఒట్టు పెట్టను. రాస్తాను.
ప్రమీల

*

మద్దిగుంపు బడి
అక్టోబరు 2006

రాణీ,

నీకు పుణ్యముంటుంది. నా క్లాసులో ఇప్పుడు ఎవడూ నిద్రపోవడం లేదు.

కాంపౌండరు స్పిరిట్ ఇవ్వడానికి చాలా అనుమానించాడు. "టీచరమ్మా, మీరు గిట్ల అడుగుడేంది?" అన్నాడు. తాగడానికి అనుకున్నట్టున్నాడు. గ్లాసులో తెల్లదారం తేలగానే నలభై తలలు ఒక్కసారి బల్ల మీదికి వంగాయి. బలరాం వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చాను. తర్వాత బొప్పాయితో చేశాం. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి, ఏది ఉల్లిగడ్డదో ఏది బొప్పాయిదో చెప్పమన్నాను. ఎవరూ చెప్పలేకపోయారు. నేను కూడా చెప్పలేను, అడుగున చీటీ అంటించాను కాబట్టి తెలిసింది. "దారం చూస్తే తెల్వదు, అక్షరం చదవాలె" అంది మంగ్లి. నువ్వు రెండు పేజీల్లో రాసింది ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పేసింది.

పట్టీలు తిరగరాసి అందరికీ పంచాను. బలరాం మేక పట్టీలో ఒక అక్షరం తప్పు రాసి, "టీచర్, నాది కొత్త జంతువు" అని గంతులేశాడు. ఒక్క అక్షరం మారితే కొత్త జంతువు కాదురా, ఎన్ని మారాయో లెక్కపెట్టాలని వాడి పుణ్యమా అని మిగతా వాళ్ళకూ అర్థమైంది. నీ ఏడో పట్టీ బర్రె. కనిపెట్టేశారు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చొని చదువు.

మా బడిలో సగం కోయ పిల్లలు, సగం తండా పిల్లలు. ఒక్కో జంతువుకు మూడేసి పేర్లు వస్తాయి. అందుకని బోర్డు మీద ఆరు పేర్లూ రాసి, ఏ పేరు ఏ జంతువుదో చెబుతున్నాను. "కొండగొర్రె అంటే గొర్రె కాదు, నాలుగు కొమ్ముల జింక. దాన్ని చంపితే మూడేళ్ళకు తక్కువ కాకుండా జైలు" అన్నాను. మంగ్లి బెంచీ మీద నుంచి లేచింది. 

"టీచర్, మా నాయన గదే అన్నడు. జీపు సార్లు ఇదేంది అని అడిగితే 'కొండ గొర్రె సార్' అన్నడు. కొండ తాత గొర్రె అని."

నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. మా పక్క ఊళ్ళో గొర్రెల కాపరి పేరు కొండయ్య. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అందరూ కొండ అనే పిలుస్తారు. కొండ గొంగడి, కొండ కుక్క, కొండ గొర్రె. వానలు పడగానే తండాలో సీత్లా తల్లికి మొక్కు చెల్లిస్తాం, పశువులు చల్లగా ఉండాలని. మంగ్లి నాయన ఆ మొక్కుకు కొండ దగ్గర గొర్రెను కొన్నాడు. మిగిలిన మాంసం తునకలు కోసి దండెం మీద ఆరేశాడు. తోలు డప్పు కొట్టినవాడికి ఇవ్వడం మా ఆచారం, అది అప్పుడే వెళ్ళిపోయింది. తలకాయ కూరైపోయింది. జీపు వచ్చింది. అటవీశాఖ వాళ్ళు దిగి ఇదేమిటని అడిగారు. ఆయన ఉన్నమాట చెప్పాడు. "నేరం ఒప్పుకున్నాడు, కొండగొర్రె మాంసం" అని వాళ్ళు రాసుకున్నారు. వేలిముద్ర వేయించారు.

ఒక మనిషిని జైల్లో పెట్టింది రెండు మాటల మధ్య ఖాళీ, రాణీ! చెప్పినవాడు ఖాళీ వదిలాడు, రాసినవాడు కలిపేశాడు.

సెప్టెంబరు చివర్లో బెయిలు వచ్చింది. ప్రతి ఆదివారం రేంజి ఆఫీసుకు పోయి సంతకం బదులు వేలిముద్ర వేసి రావాలి. కొండ వచ్చి చెబితే తేలుతుంది కానీ, ఆ మహానుభావుడు మందను తోలుకొని గోదావరి అవతల చర్ల అడవుల వైపు పోయాడు, చలికాలం పోయాక గానీ రాడు. లాయరు చెంచురామయ్య గారు "ఒప్పేసుకోండమ్మా, జడ్జిగారు దయ తలుస్తారు" అన్నారు. మంగ్లి నాయన ఒక్కటే మాట అన్నాడు: "తినని జంతువును తిన్ననని నేనెందుకు చెప్పాలె?" అప్పుడు నేను నీ ఉత్తరం తీసి లాయరు గారి ముందు పెట్టి, కోర్టు ద్వారా ల్యాబుకు పంపమని అడగండి అన్నాను. అడిగారు. మేజిస్ట్రేటు గారు ఆర్డరు వేశారు. తునకలు సీలు వేసి మీ దగ్గరికే వస్తున్నాయి. నీ చేతికే రావచ్చు.

ఇంకొకటి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. వన్యప్రాణి వారోత్సవమని మా బడికి ఆ జీపులో వచ్చిన రేంజరు గారే ముఖ్య అతిథిగా వచ్చారు. అరగంట మాట్లాడారు. ప్రశ్నలుంటే అడగండి పిల్లలూ అన్నారు. మంగ్లి రెండు గ్లాసులు పట్టుకొని స్టేజీ ఎక్కింది.

"సార్, మీరు చూసి చెప్తరు గద. ఇందుల ఏది ఉల్లిగడ్డ, ఏది బొప్పాయి?"

ఆయన నవ్వి, కళ్ళజోడు సర్దుకొని, వేలు పెట్టి చూపించారు. తప్పు. నలభై మంది పిల్లలు గోలగోలగా నవ్వారు. నేను ఆపలేదు. మర్నాడు హెడ్మాస్టరు గారు నాకు మెమో ఇచ్చారు: సిలబస్‌లో లేనివి బోధించుట, అతిథిని అవమానించుటకు పిల్లలను ప్రేరేపించుట. ఇచ్చుకోనీ.

తిరగబడ్డ,
సోని

*

హైదరాబాద్
నవంబరు 2006

సోని గారికి,

మీ కోర్టు నుంచి సీలు వేసిన పొట్లం వచ్చింది. దానితో వచ్చిన కాగితంలో నిందితుడి పేరు చదివాను. రూప్లా, తండ్రి భీమ్లా.

మంగ్లి నాయన అని రాశావు. "మా అన్న" అని రాయలేదు. అన్న ఎలా ఉన్నాడని నేను అడిగితే దానికి జవాబు లేదు. పత్తి వేశాడా అని అడిగాను. ఆ రోజు ఆయన జైల్లో ఉన్నాడు. నీ చేతికే రావచ్చు అని మాత్రం రాశావు!

నేను ఆ పొట్లం విప్పి, పరీక్ష చేసి, సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో తెలుసా? రేపు ఎవరో ఒకరు లేచి, ఈ సైంటిస్టు నిందితుడి చెల్లెలికి స్నేహితురాలు, ఆయన పల్లీలు తిన్న మనిషి అంటారు. నిజమే కదా. రిపోర్టు చించి పారేస్తారు. నిజం చెప్పినా అబద్ధమైపోతుంది. మీ అన్నను నువ్వే ముంచేదానివి.

నీ రెండు ఉత్తరాలూ మా డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఈ కేసు నాకొద్దని రాసిచ్చాను. నాగచైతన్య అనే సహోద్యోగి చేస్తాడు. వరస ప్రకారమే చేస్తాడు, ముందుకు జరపమని నేను అడగను. ఆ గదిలోకి పోను. ఏమని తేలినా కోర్టుకు చేరేదాకా నాకు కూడా చెప్పొద్దని అన్నాను.

అంతవరకూ నాకు రాయకు.
ప్రమీలారాణి

*

మద్దిగుంపు బడి
నవంబరు 2006

రాణీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. దీన్ని కూడా మీ డైరెక్టరు గారి బల్ల మీద పెట్టు, ఆయన కూడా చదవాలి.

నువ్వు తప్పుకుని మంచి పని చేశావు. అలా తప్పుకోవాలని నాకు తట్టలేదు, అది నా తెలివితక్కువ. కానీ దాచినందుకు క్షమాపణ మాత్రం అడగను. ఎందుకో విను.

"మా అన్నను జైల్లో పెట్టారే, సాయం చెయ్యవే" అని రాసి ఉంటే నువ్వు జాలిపడేదానివి. జాలి ఇక్కడ కావలసినంత దొరుకుతోంది. లాయరు జాలిపడ్డాడు, ఒప్పుకో అన్నాడు. హెడ్మాస్టరు జాలిపడ్డారు, "మీవాళ్ళకు అడవి అలవాటు గదమ్మా" అన్నారు. తండావాళ్ళను చూస్తే మాంసం కూడా అడవిదే అయిపోతుంది వీళ్ళకు. అదే తునకలు మీ బోనకల్లో మీ పెరట్లో ఆరేసి ఉంటే ఏ జీపైనా ఆగేదా, నువ్వే చెప్పు. చెల్లెలుగా అడిగితే బతిమాలినట్టు. టీచరుగా అడిగితే ప్రశ్న అడిగినట్టు. నేను ప్రశ్న అడిగాను. నువ్వు పాఠం చెప్పావు. దాంట్లో అబద్ధం ఎక్కడుంది?

మంగ్లికి కూడా అదే చెప్పాను, బడిలో నన్ను అత్తా అని పిలవకు, టీచర్ అనే పిలువు అని. నా మేనకోడలు అడిగిందని కాదు, పదో తరగతి పిల్ల అడిగిందని వినాలి వీళ్ళు.

భయం లేదనుకోకు. ఉంది. ఆదివారం అన్న వేలిముద్ర వేయడానికి పోతే తిరిగి వచ్చేదాకా మా వదిన వాకిట్లోనే ఉంటుంది. మూడేళ్ళు జైలంటే మంగ్లి చదువు మానేసి మిర్చి ఏరడానికి పోతుంది, నేను చూస్తూ ఊరుకోవాలి. దండెం మీది తునకలే ఆ పొట్లంలో ఉన్నాయో లేదో కూడా నాకు తెలియదు. పొట్లం కట్టింది వాళ్ళు. నేను ఎవర్ని నమ్మాను? సీలును నమ్మాను. ఆ సీలు లోపల దుప్పి ఉంటే దుప్పి అనే రాయండి, కొండగొర్రె ఉంటే అదే రాయండి. మా అన్న నాకు అబద్ధం చెప్పాడని తేలితే ముందు నేనే వాకిట్లో నిలబెట్టి అడుగుతాను.

హెడ్మాస్టరు గారు నిన్న పిలిచి, రేంజరు గారికి క్షమాపణ ఉత్తరం రాస్తే మెమో చింపేస్తానన్నారు. "ప్రశ్న అడగడం తప్పయితే టైంటేబుల్లో సైన్సు పీరియడ్ తీసేయండి సార్, ఆ పీరియడ్‌లో పిల్లలతో బడి ఊడిపిస్తాను" అని రాసిచ్చాను. ట్రాన్స్‌ఫర్ చేయిస్తారట. ఎక్కడికి చేస్తారు? అక్కడ మాత్రం ఉల్లిగడ్డలు దొరకవా?

జవాబు రాయకు. కానీ నువ్వు నన్ను గారు అన్నావు చూడు, అది మాత్రం మరిచిపోను.
సోని

*

హైదరాబాద్
జనవరి 2007

సోనీ,

ఈ రోజు పొద్దున మా డైరెక్టరు గారు పిలిచారు. రిపోర్టు కోర్టులో తెరిచారట, ఇక నువ్వు తెలుసుకోవచ్చు అన్నారు. కాగితం నా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. పెద్ద మనిషి.

గొర్రె. మన ఇళ్ళల్లో పెంచే మామూలు గొర్రె. పొట్లంలోని మూడు తునకలూ అంతే. ఒక్క చోట కూడా అనుమానం లేదు.

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఇన్నాళ్ళూ నాగచైతన్య ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను, వాడి కళ్ళలో ఏమైనా కనబడుతుందేమోనని. క్యాంటీన్లో వాడున్న బల్ల దగ్గర కూర్చోలేదు. తన మీద నేనేదో కోపం పెంచుకున్నాననుకున్నాడట పాపం. ఇవాళ వాడికి బిర్యానీ తినిపించాను. గొర్రె మాంసమే.

నీ నవంబరు ఉత్తరం చాలాసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. మా పెరట్లో జీపు ఆగేదా అన్నావే, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆగేది కాదు. మా నాన్న చేను చుట్టూ ఉచ్చులు పెట్టి అడవిపందిని కొట్టించి, ఊరంతా పంచేవాడు. ఎవరూ అడగలేదు. నేను ఇన్నేళ్ళుగా ఇదే ల్యాబులో కూర్చొని ఎన్ని పొట్లాలు చూశాను! ఒక్కదాని మీదా మావాళ్ళ పేరు చూడలేదు. ఎందుకని నాకెప్పుడూ తట్టలేదు. నువ్వు రాశాకనే తట్టింది.

ఒక జాగ్రత్త చెబుతాను, ఇది పాఠమే, సాయం కాదు. రిపోర్టులో జంతువుకు శాస్త్రీయ నామం ఉంటుంది. గొర్రెకు ఒకటి, కొండగొర్రెకు ఇంకొకటి. తెలుగులో రెండింటిలోనూ గొర్రె ఉంది కదా అని ఎవరైనా తిరకాసు పెడతారు. లాయరు గారిని ఆ రెండు పేర్లూ బట్టీ పట్టమను.

నిన్ను ఇంకెప్పుడూ గారు అనను.
రాణి

*

మద్దిగుంపు బడి
మార్చి 2007

ఒసేయ్ రాణీ,

నీ నోట్లో చక్కెర పొయ్య. నువ్వు రాసిన తిరకాసే పెట్టారు!

కోర్టుకు నేనూ, వదినా, మంగ్లీ పోయాం. ప్రభుత్వ లాయరు లేచి, "రిపోర్టు గొర్రె అంటోంది, నిందితుడు కొండగొర్రె అన్నాడు, ఏదైనా గొర్రే కదా, కొండ మీద ఉంటే కొండగొర్రె" అన్నాడు. మా చెంచురామయ్య గారు, ఒప్పేసుకోండమ్మా అన్న ఆ మనిషే, ఒంటికాలి మీద లేచారు. మా పిల్లలు రాసిన రెండు పట్టీలు జేబులోంచి తీసి, "ఇది గొర్రె, ఇది కొండగొర్రె, తేడా చూడండి యువర్ ఆనర్" అని చేతులు రెండూ పైకెత్తారు. వెనక నుంచి మంగ్లి, "సార్, తలకిందులు పట్టుకున్నరు" అంది. మేజిస్ట్రేటు గారు నవ్వాపుకున్నారు. పట్టీలు సాక్ష్యం కాదని పక్కన పెట్టారు కానీ, రిపోర్టులోని పేరూ చట్టంలోని పేరూ పక్కపక్కన పెట్టుకొని మెల్లగా చదివారు. రెండూ వేరు.

"మరి నిందితుడు కొండగొర్రె అని ఎందుకన్నాడు?" అన్నారాయన.

అప్పుడు బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి కేకేశాడు. "కొండ! కొండ! కొండ!"

మందతో దిగి మూడు రోజులు కూడా కాలేదు మనిషి. గొంగడి భుజాన వేసుకొని, కర్ర బయట పెట్టమంటే పెట్టనని తగువాడి, చివరికి బోనులోకి ఎక్కాడు.

"నీ పేరు?"

"కొండ, అయ్యా."

"ఇతనికి గొర్రెను అమ్మింది నువ్వేనా?"

"అవ్, నేనే. సీత్లా పండుగకు."

"అయితే ఈ కేసులో పట్టుకున్నది ఎవరి గొర్రె?"

కొండ ఆయన్ని వింతగా చూశాడు. ఇంత చదివినాయన ఇంత చిన్న సంగతి అడుగుతున్నాడేమిటన్నట్టు. "కొండ గొర్రె, అయ్యా" అన్నాడు.

 మేజిస్ట్రేటు గారు పెన్ను కింద పెట్టి నవ్వారు. కోర్టంతా నవ్వింది. మా అన్న నవ్వలేదు, నిలబడే ఉన్నాడు. వదిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లి గుచ్చుకుంది. కేసు కొట్టేశారు. మంగ్లి కోర్టు మెట్ల మీద అందరి ముందూ "అత్తా!" అని అరిచి నా మెడకు చుట్టుకుంది. ఈసారి నేను దిద్దలేదు.

కొండ మాట ఒక్కటే ఉంటే నీకెంత ఇచ్చారని అడిగి పంపేవాళ్ళు, రాణీ. మీ కాగితం ఒక్కటే ఉంటే గొర్రెలన్నీ గొర్రెలేనని తేల్చేవాళ్ళు. రెండూ కలిసి వచ్చాయి కాబట్టి మా అన్న ఇంటికొచ్చాడు.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. అసలు ఉత్తరం దీనికోసమే.

పోయినేడు మొక్కు తునకలు జీపు పాలయ్యాయని అన్న మళ్ళీ కొండ దగ్గరికే పోయి గొర్రెను తెచ్చాడు. తండాలో ఇప్పుడెవరూ కొండ గొర్రె అనడం లేదు. "కొండయ్య గారి గొర్రె" అంటున్నారు. కొండకు ఈ మర్యాద తలకెక్కింది, కేక వేస్తే పలకడం లేదు. మొక్కు అయ్యాక మిగిలిన మాంసం తునకలు కోశారు. వదిన లోపల ఆరేద్దామంది. అన్న ఒప్పుకోలేదు. అదే దండెం, అదే చోట, రోడ్డు వైపు మొహం పెట్టి కట్టాడు. "దొంగతనం చేసిన్నా? లోపటెందుకు?" అన్నాడు. మా పదో తరగతి సగం అక్కడే ఉంది, పరీక్షలు పెట్టుకొని.

జీపు వచ్చింది. తెలిసి వచ్చిందో, తెలియక వచ్చిందో. ఆగింది. రేంజరు గారు దిగి దండెం వంక చూశారు. అన్న మంచం మీద నుంచి లేవలేదు. నాకు భయమేసింది, ఉన్నమాట చెప్తున్నాను.

మంగ్లి ఒక తునక తెంపి, విస్తరాకులో పెట్టి తీసుకుపోయి ఆయన ముందు నిలబడింది.

"చూసి చెప్పుండ్రి సార్. ఏందిది?"

ఆయన తునక వంక చూశారు. మంగ్లి వంక చూశారు. వెనక నిలబడ్డ పిల్లలందర్నీ చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నారు.

"చూసి నేనెట్ల చెప్తనమ్మా?" అన్నారు. "టెస్టుకు పంపాలె."

పిల్లలు పెట్టిన కేకలకు దండెం మీది కాకులన్నీ లేచిపోయాయి. బలరాం చప్పట్లు కొట్టాడు. అన్న అప్పుడు లేచి, మంచం జరిపి, "కూసోండ్రి సార్, తిని పోదురు" అన్నాడు. ఆయన కూర్చోలేదు. కానీ తిట్టలేదు కూడా. జీపు వెళ్ళిపోయింది.

నాకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది, గోదావరి అవతల బడికి. జూన్‌లో చేరాలి. అక్కడ పిల్లలు చేపలు బాగా ఎరుగుదురట. చేపల పట్టీలు రాసి పంపు. మీ వాటా తునకలు పాల్వంచ బస్సులో సరళ చేత పంపుతున్నాను. రూప్లా అన్న పంపమన్నాడు, ఇద్దరూ సమానంగా తినండి అన్నాడు, నువ్వూ నాగచైతన్యా. దారిలో ఎవరైనా ఆపి ఇదేమిటని అడిగితే సరళ ఏం చెప్పాలో దానికి రాసిచ్చాను, రెండు మాటల మధ్య ఖాళీ వదిలి మరీ.

సోని